ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి - వృక్షశాస్త్ర పరిశీలన

కొబ్బరి, జీడిమామిడి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో విస్తారంగా పెరిగే రెండు తోట పంటలు. వీటిలో కొబ్బరి ఏకదళబీజ వృక్షం, జీడిమామిడి ద్విదళబీజ వృక్షం. పుష్పించే మొక్కల్లోని రెండు ప్రధాన తరగతులకూ ఉదాహరణలు ఒకే తోటలో, ఒకే ఇసుక నేలలో దొరుకుతాయి. అందువల్ల మొక్కల అంతర్నిర్మాణం, పెరుగుదల, వైవిధ్యం అనే మూడు పాఠ్యాంశాలను తరగతిలో పరిశీలించడానికి ఈ రెండు చెట్లు ఎంతో అనుకూలమైనవి. ఈ వ్యాసం బారువ పరిసరాలలో విద్యార్థులు చేయదగిన పరిశీలనలను, వాటి వెనుక ఉన్న శాస్త్ర విషయాలను వివరిస్తుంది.

ప్రాంతం

బారువ శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలానికి చెందిన సముద్రతీర గ్రామం. మహేంద్రతనయ నది ఈ గ్రామ సమీపంలోనే బంగాళాఖాతంలో కలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో విస్తరించిన తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇక్కడి ముఖ్యమైన చెట్లు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణాలు జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి చెందాయి.

కొబ్బరి శాస్త్రీయ నామం కోకోస్ న్యూసిఫెరా. ఇది తాటి, ఈత, ఖర్జూరం చేరిన తాళ కుటుంబానికి చెందినది. జీడిమామిడి శాస్త్రీయ నామం అనకార్డియం ఆక్సిడెంటేల్. ఇది మామిడి కుటుంబానికి చెందినది. దీని జన్మస్థలం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీనిని భారతదేశానికి తెచ్చారు.

అంతర్నిర్మాణం

వేరు

కొబ్బరికి తల్లివేరు ఉండదు. కాండం అడుగున ఉబ్బిన భాగం నుండి ఒకే మందం గల అబ్బురపు వేర్లు వందల కొద్దీ పుట్టి నలువైపులా వ్యాపిస్తాయి. వీటికి మూలకేశాలు ఉండవు. వేరు కొనకు వెనుక ఉన్న లేత భాగమే నీటిని పీల్చుకుంటుంది. జీడిమామిడి గింజ నుండి మొదట తల్లివేరు లోతుగా దిగుతుంది. తరువాత పక్కవేర్లు దూరంగా పాకుతాయి. ఇసుక నేల కనుక రెండింటి నారు మొక్కలనూ వేరు తెగకుండా పైకి తీసి పక్కపక్కన పెట్టి పోల్చడం సులభం.

కాండం

కళాశాల ప్రయోగశాలల్లో ద్విదళబీజ కాండానికి పొద్దుతిరుగుడునూ, ఏకదళబీజ కాండానికి మొక్కజొన్ననూ తీసుకోవడం వాడుక. ఉద్దానంలో వీటికి బదులు లేత జీడి కొమ్మనూ, కొబ్బరి గెల కాడనూ తీసుకోవచ్చు. పదునైన బ్లేడుతో పలుచని అడ్డుకోతలు తీసి, సాఫ్రనిన్ రంగులో కొద్దిసేపు ఉంచి, నీటితో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూడాలి. గట్టిపడిన దారు కణాలు ఎర్రగా కనిపిస్తాయి.

జీడి కొమ్మ కోతలో నాళికాపుంజాలు వలయంగా అమరి ఉంటాయి. మధ్యలో దవ్వ ఉంటుంది. దారువుకూ పోషక కణజాలానికీ నడుమ విభాజ్య కణాల సన్నని పొర ఉంటుంది. దీనినే కేంబియం అంటారు. ఈ పొర ఏటేటా లోపలికి దారువును, బయటికి పోషక కణజాలాన్ని చేరుస్తుంది కనుక జీడి మాను ఏటేటా లావవుతుంది. మామిడి కుటుంబపు గుర్తు అయిన జిగురు నాళాలు కూడా ఈ కోతలో కనిపిస్తాయి.

కొబ్బరి కోతలో నాళికాపుంజాలు వలయంగా ఉండవు. అవి మృదుకణజాలంలో చెదురుమదురుగా ఉంటాయి. కేంబియం లేదు. కొబ్బరి మాను గట్టిది కనుక బ్లేడుకు లొంగదు. అయితే పడిపోయిన చెట్టును రంపంతో కోసిన చోట సూక్ష్మదర్శిని లేకుండానే ఈ అమరికను చూడవచ్చు. మాను అంచువైపు ముదురు రంగు చుక్కలు దట్టంగా, మధ్యకు పోయేకొద్దీ పలుచగా ఉంటాయి. ఒక్కొక్క చుక్క ఒక నాళికాపుంజం. జీడిమామిడి మొద్దులో చేవ ఉండేది నడుమ, కొబ్బరి మానులో గట్టిదనం ఉండేది అంచున.

ఈ ఒక్క తేడా నుండి అనేక ఫలితాలు వస్తాయి. కొబ్బరి చెట్టు ఎక్కడానికి మానుపై కొట్టిన గంట్లు ఎన్నేళ్ళయినా పూడవు. జీడి మానుపై పడిన గాయం అంచుల నుండి మూసుకుపోతుంది. జీడికి అంటు కట్టవచ్చు, ఎందుకంటే వేరు మొక్క కేంబియం, కొమ్మ కేంబియం ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అతుక్కోవడానికి కేంబియమే లేని కొబ్బరికి అంటు కట్టడం సాధ్యం కాదు. కొబ్బరి తోట వేయాలంటే కాయనే నాటాలి.

పత్రం

కొబ్బరి ఆకును వాడుకలో మట్ట అంటారు. ఆకు రెబ్బల్లో ఈనెలు సమాంతరంగా సాగుతాయి. జీడి ఆకు సరళ పత్రం, కొన గుండ్రంగా ఉంటుంది, ఈనెలు వలలాగా అల్లుకుని ఉంటాయి. కొబ్బరి ఆకు అడుగు భాగానికి రంగులేని గోళ్ళ రంగు పూసి, ఆరిన తరువాత ఊడదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే పత్రరంధ్రాల అచ్చు కనిపిస్తుంది. పై భాగం నుండి తీసిన పొరలో ఇవి కనిపించవు.

పుష్పం

కొబ్బరిలో ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. గుత్తి కొమ్మల పైభాగమంతా చిన్న మగపూలు, అడుగున గుండీల వంటి ఆడపూలు ఉంటాయి. మగపువ్వులో 6 కేసరాలు ఉంటాయి. ఆడపువ్వు అండాశయంలో 3 ఫలదళాలు ఉన్నా వాటిలో ఒకటి మాత్రమే గింజగా ఎదుగుతుంది. కొబ్బరి చిప్పపై కనిపించే మూడు కళ్ళు ఈ మూడు ఫలదళాల గుర్తులే. వాటిలో మెత్తగా ఉండే కన్ను కిందనే పిండం ఉంటుంది. దేవుని ముందు కొట్టే ప్రతి కొబ్బరికాయలోనూ ఈ పాఠం ఉంది.

జీడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. మగపూల సంఖ్యే ఎక్కువ. విద్యార్థులు ఒక గుత్తిలోని పూలను లెక్కించి, అదే గుత్తిలో చివరకు నిలిచిన పిందెలను లెక్కిస్తే పూతకూ కాపుకూ మధ్య ఎంత వ్యత్యాసం ఉంటుందో తెలుస్తుంది.

ఫలం

కొబ్బరికాయ పీచుతో కూడిన టెంక ఫలం. నున్నని పైతోలు బాహ్య ఫలకవచం, పీచు మధ్య ఫలకవచం, గట్టి చిప్ప అంతర ఫలకవచం. లోపలి తెల్లని కొబ్బరి, నీరు రెండూ అంకురచ్ఛదమే. లేత కాయలో ఇది నీటి రూపంలో ఉండి, సుమారు ఆరవ నెల నుండి చిప్ప లోపలి గోడకు మీగడలాగా పేరుకుంటుంది. ఫలదీకరణం నుండి కాయ ముదరడానికి సుమారు 12 నెలలు పడుతుంది.

జీడిమామిడిలో పండుగా కనిపించేది నిజమైన పండు కాదు, ఉబ్బిన పూకాడ. దాని కొనన వేలాడే జీడిపిక్కే నిజమైన ఫలం. పిందె దశ నుండి వారం వారం కొలిస్తే ముందు పిక్క పెద్దదై ఆకుపచ్చగా ఎదుగుతుంది, పూకాడ ఆ తరువాతనే ఉబ్బుతుంది. పిక్క లోపలి పప్పు రెండు బద్దలుగా విడిపోవడం ద్విదళబీజ లక్షణం. ఈ బద్దలే బీజదళాలు.

అంకురణ

రెండు గింజలు మొలకెత్తే తీరు కూడా భిన్నమైనది. జీడిపిక్కను నాటితే రెండు మూడు వారాలు గడిచాక బీజదళాలు నేలపైకి లేచి పచ్చబడతాయి. కొబ్బరిలో బీజదళం నేలపైకి రాదు, చిప్ప లోపలే ఉండిపోతుంది. దాని కొన స్పంజిలాగా ఉబ్బి కాయ లోపలి ఖాళీని క్రమంగా నింపుతూ, తెల్ల కొబ్బరిలోని ఆహారాన్ని కరిగించి మొక్కకు అందిస్తుంది. పిల్లలు ఇష్టంగా తినే కొబ్బరి పువ్వు ఇదే. ఇది పువ్వు కాదు, బీజదళంలోని భాగం. వేర్వేరు వయసుల మొలక కాయలు మూడింటిని పగలగొట్టి చూపితే ఈ మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

పెరుగుదల

కొబ్బరి చెట్టుకు పెరిగే చోటు ఒక్కటే. అది తలపై మట్టల నడుమ దాగిన అగ్రకోరకం. మొవ్వు విరిగినా, కుళ్ళినా చెట్టు చనిపోతుంది. జీడి చెట్టుకు ప్రతి కొమ్మ కొనలోనూ, ప్రతి ఆకు మొదట్లోనూ మొగ్గలు ఉంటాయి కనుక కొమ్మలు విరిగినా మళ్ళీ చిగురిస్తుంది.

కాపుకు వచ్చిన పొడుగు రకం కొబ్బరి చెట్టు ఏడాదికి సుమారు 12 నుండి 14 మట్టలు వేస్తుంది. రాలిన ప్రతి మట్టా మానుపై వలయం వంటి మచ్చను వదులుతుంది. ఈ మచ్చలను లెక్కించి చెట్టు వయసును ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. ఉదాహరణకు మానుపై 200 మచ్చలు, తలపై 34 మట్టలు ఉంటే మొత్తం 234. ఏడాదికి 13 చొప్పున భాగిస్తే 18 వస్తుంది. మాను ఏర్పడక ముందు గడచిన నాలుగైదు ఏళ్ళను కలిపితే చెట్టు వయసు సుమారు 22 లేక 23 ఏళ్ళు. తోట యజమానిని అడిగి ఈ లెక్కను సరిచూసుకోవచ్చు.

మచ్చల మధ్య దూరం అన్నిచోట్లా సమానంగా ఉండదు. నీరు, ఎరువు చాలిన కాలంలో మచ్చలు ఎడంగా, కరవు కాలంలో దగ్గరగా పడతాయి. కేంబియం లేనందున ఒకసారి సన్నబడిన మాను మళ్ళీ లావు కాలేదు. అందువల్ల కొబ్బరి మాను ఆ చెట్టు అనుభవించిన మంచి చెడ్డల లిఖిత చరిత్ర వంటిది.

ఆకు ఎదుగుదలను చూడటానికి ఒక సులభమైన ప్రయోగం ఉంది. నారు మొక్కలో ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకుపై సెంటీమీటరు ఎడంతో సిరా గీతలు గీసి, రోజూ కొలవాలి. గీతల మధ్య దూరం దాదాపు మారదు, గీతలన్నీ కలిసి పైకి జరుగుతాయి. పెరుగుదల ఆకు మొదట్లో జరుగుతున్నదని దీనివల్ల తెలుస్తుంది. పెద్ద మొక్కలో మడిచి ఉన్న మొవ్వు గుండా సూదితో ఒకే రంధ్రం చేస్తే, ఆకు విప్పుకున్నాక పలు రెబ్బలపై వరుసగా రంధ్రాలు కనిపిస్తాయి. కొమ్ము పురుగు తిన్న చెట్ల మట్టలు కత్తెరతో కత్తిరించినట్లు కనిపించడానికి కారణం కూడా ఇదే. పురుగు కొరికినది మడత విప్పని ఆకును, మనకు కనిపించేది కొన్ని వారాల తరువాత.

పూగుత్తి తొలి రూపం మొవ్వు లోపల ఏర్పడిన నాటి నుండి అది బయటికి విచ్చుకునే వరకు రెండున్నర ఏళ్ళకు పైగా పడుతుంది. ఆ తరువాత కాయ ముదరడానికి మరొక ఏడాది. కనుక ఈ ఏటి కరవు ప్రభావం మూడవ ఏట, నాలుగవ ఏట దిగుబడిలో కూడా కనిపిస్తుంది.

వైవిధ్యం

విచ్ఛిన్న వైవిధ్యం, అవిచ్ఛిన్న వైవిధ్యం

జీడిపండు ఎరుపు, పసుపు రంగులలో ఉంటుంది. ఇటువంటి లక్షణాలను చూడగానే వేరు చేయవచ్చు. పిక్క బరువు, కాయ పొడవు, ఆకు వెడల్పు వంటివి కొలిచి చెప్పవలసిన లక్షణాలు. ఒక తరగతి 100 జీడిపిక్కలను విడివిడిగా తూచి, అర గ్రాము అంతరంతో వర్గాలుగా విభజించి పట్టిక వేస్తే, సాధారణంగా నడిమి వర్గాలలో ఎక్కువ, రెండు చివరల తక్కువ పిక్కలు వస్తాయి.

ఎడమ, కుడి చెట్లు

కొబ్బరి మట్టలు మాను చుట్టూ సర్పిలంగా అమరి ఉంటాయి. కొన్ని చెట్లలో ఈ సర్పిలం ఎడమకు, కొన్నింటిలో కుడికి తిరుగుతుంది. మట్ట మొదట్లోని గెల ఆ మట్టకు ఏ పక్కకు ఒరిగి ఉన్నదో చూసి దీనిని గుర్తించవచ్చు. ఒక చెట్టులో అన్ని గెలలూ ఒకే వైపుకు ఒరుగుతాయి. భారతీయ వృక్షశాస్త్రవేత్త టి. ఎ. డేవిస్ ఈ విషయాన్ని విస్తృతంగా పరిశీలించి, ఈ లక్షణం తల్లిదండ్రుల నుండి సంతానానికి సంక్రమించదని 1962లో ప్రచురించాడు. కంటికి కనిపించే ప్రతి తేడా వంశపారంపర్యం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ. ఒక తోటలోని చెట్లన్నింటినీ ఎడమ, కుడి అని లెక్కించడం చిన్న తరగతుల వారు కూడా చేయగల పని.

తల్లి కణజాలం, సంతానం

1903లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్‌సెన్ చిక్కుడు జాతి గింజల బరువులను కొలిచి, వంశం వల్ల వచ్చే తేడానూ పరిసరాల వల్ల వచ్చే తేడానూ వేరు చేసి చూపాడు. అటువంటి ఆలోచననే కొబ్బరి తోటలో అభ్యసించవచ్చు. ఒకే చెట్టు నుండి 20 కాయలు, 20 వేర్వేరు చెట్ల నుండి ఒక్కొక్కటి చొప్పున 20 కాయలు తీసుకుని, పీచు మందాన్ని కొలవాలి. పీచు, చిప్ప తల్లి చెట్టు కణజాలాలు. పుప్పొడి ఏ చెట్టు నుండి వచ్చినా వాటిపై తల్లి జన్యువుల ప్రభావమే ఉంటుంది. కాబట్టి ఒకే చెట్టు కాయలలో పీచు తేడా ప్రధానంగా కాయ వయసు, గెలలో స్థానం, పోషణ వంటి కారణాల వల్ల వచ్చినది. వేర్వేరు చెట్ల కాయలలో వీటికి తోడు జన్యుభేదం కూడా చేరుతుంది. రెండు పట్టికల వ్యాప్తినీ పోల్చి చూస్తే ఆ భేదం బయటపడుతుంది.

పిండం విషయం వేరు. అందులో తల్లి జన్యువులు సగం, పుప్పొడి ఇచ్చిన చెట్టు జన్యువులు సగం ఉంటాయి. పొడుగు రకం కొబ్బరిలో ఒక గుత్తిలోని మగపూలు రాలిపోయిన తరువాతనే ఆడపూలు సిద్ధమవుతాయి కనుక సాధారణంగా పరపరాగ సంపర్కం జరుగుతుంది. పొట్టి రకాలలో రెండు దశలూ కలిసి రావడం వల్ల ఎక్కువగా ఆత్మపరాగ సంపర్కం జరుగుతుంది. అందుకే పొట్టి రకాల సంతానం తల్లిని పోలి ఉంటుంది, పొడుగు రకాల సంతానంలో వైవిధ్యం ఎక్కువ. జీడిపండు ఎర్రగా ఉందని ఆ చెట్టు పిక్కను నాటితే పుట్టిన చెట్టుకు ఎర్రని పండ్లే కాస్తాయన్న హామీ లేదు. పండు తల్లిది, పప్పు సంతానానిది.

తిత్లీ తుఫాను, మళ్ళీ నాటడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ అనే అతి తీవ్ర తుఫాను పలాస సమీపంలో తీరాన్ని దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు, ఉధృతిలో 165 కిలోమీటర్ల వరకు ఉన్నది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పెద్ద ఎత్తున నేలమట్టమయ్యాయి. తరతరాలుగా తోట మీదనే బతికిన కుటుంబాలకు ఆదాయం ఒక్క రాత్రిలో పోయింది. నిలిచిన చెట్లలో కూడా మొవ్వు మెలిపడినవి తరువాత ఎండిపోతాయి. మట్టలు విరిగిన చెట్లు కోలుకున్నా కాపు తగ్గుతుంది. పైన చెప్పిన అగ్రకోరకం, పూగుత్తుల పాఠాలు దీనికి కారణాన్ని తెలుపుతాయి.

తిరిగి నాటేటప్పుడు వైవిధ్యం గురించిన పరిజ్ఞానం మరింత అవసరం. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి సుమారు 6 నుండి 8 ఏళ్ళు పడుతుంది. ఆ తరువాత అర్ధ శతాబ్దానికి పైగా కాస్తుంది. నాసిరకం మొక్కను నాటిన సంగతి 6 ఏళ్ళ తరువాత గాని తెలియదు. తెలిసిన తరువాత దానిని సరిదిద్దే మార్గం చెట్టును తీసివేయడం తప్ప వేరొకటి లేదు. కాబట్టి ఎంపిక అంతా తల్లిచెట్టు దగ్గర, నారుమడి దగ్గర జరగాలి.

* తల్లిచెట్టు: ఏటా నిలకడగా కాసేది, తలపై 30కి తగ్గకుండా మట్టలు గలది, ఏడాదికి 80కి పైగా కాయలు ఇచ్చేది, తెగులు లేనిది కావాలి.
* నారుమొక్క: తొందరగా మొలకెత్తినది, 9 నుండి 12 నెలల వయసులో కనీసం 6 ఆకులు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు గలది కావాలి.
* ఆకు చీలిక: కొబ్బరి తొలి ఆకులు చీలకుండా ఉంటాయి. రెబ్బలుగా త్వరగా చీలడం మొక్క చురుకుదనానికి గుర్తు.

ఈ మూడూ విద్యార్థులు స్కేలు, దారంతో కొలిచి నమోదు చేయగలిగినవే. కొబ్బరిలో పొడుగు, పొట్టి రకాలను సంకరం చేసి మెరుగైన మొక్కలను పొందే పద్ధతికి 1930లలో కేరళలోని నీలేశ్వరంలో జె. ఎస్. పటేల్ నాంది పలికాడు. ఆంధ్రప్రదేశ్‌లో అంబాజీపేట కొబ్బరి పరిశోధనా స్థానం ఈస్ట్ కోస్ట్ టాల్, గంగాబొండాం రకాల సంకరంతో గోదావరి గంగ అనే రకాన్ని రూపొందించింది. జీడిమామిడిలో బాపట్ల పరిశోధనా స్థానం రూపొందించిన బి.పి.పి.-8 ప్రసిద్ధ రకం. జీడికి అంటు సాధ్యం కనుక మంచి చెట్టు లక్షణాలను మార్పు లేకుండా కొత్త మొక్కకు అందించవచ్చు. కొబ్బరికి ఆ వీలు లేదు కనుక నారుమడిలో ఎంపికే ఆధారం.

జాగ్రత్తలు

* పచ్చి జీడిపిక్కను కొరకరాదు, చేతితో పగలగొట్టరాదు. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలు తెస్తుంది. కోయవలసి వస్తే ఉపాధ్యాయులే చేతి తొడుగులతో కోసి చూపాలి.
* విద్యార్థులు కొబ్బరి చెట్టు ఎక్కరాదు. ఎండు మట్టలు, కాయలు రాలే అవకాశమున్న చెట్ల కింద గుమికూడరాదు.
* మొవ్వుపై సూది ప్రయోగాన్ని తీసివేయదలచిన మొక్కపై మాత్రమే చేయాలి. రైతు అనుమతి తప్పనిసరి.
* ప్రతి కొలతతో పాటు తేదీ, చెట్టు గుర్తు, నేల స్వభావం రాసుకోవాలి. ఒకే చెట్లను ఏటా కొత్త తరగతి కొలుస్తూ పోతే కొన్ని ఏళ్ళకు ఆ నమోదు పుస్తకం ఊరి రైతులకు కూడా ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* బారువ
* ఉద్దానం
* కొబ్బరి
* జీడిమామిడి
* ఏకదళబీజాలు
* ద్విదళబీజాలు
* తిత్లీ తుఫాను